విహార వనం పక్కన క్వారీ వస్తుందంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజున పిల్లల్ని తీసుకుని పక్షుల్ని చూడటానికి వెళ్లే చోటు అది. పొద్దున్నే నడకకు వెళ్లే చోటు. దాని పక్కనున్న గుట్టను తవ్వి కంకర తీస్తారట అన్న కబురు అందగానే ముందు కంగారు, తర్వాత కోపం, ఆ వెనకే వరుసగా ప్రశ్నలు వస్తాయి. వాటిలో పదేపదే వినబడేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి, విషయం అంత ఉంది కాబట్టి. కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వన్యప్రాణులు తిరిగే చోటుకు ఆనుకుని క్వారీ రాకూడదనే నా కోరిక. కానీ కోరిక ఒక్కటే ఎక్కడా చెల్లదు. గుట్ట మీద ఇంకా ఒక్క రంధ్రం కూడా వేయని ఈ సమయంలోనే అక్కడ ఏముందో కొలిచి, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. ఈరోజు కాగితం మీద లేనిదాన్ని రేపు పోగొట్టుకున్నామని రుజువు చేయలేం. కింది జవాబుల్లో సగం ఈ మాట దగ్గరికే వస్తాయి.

క్వారీలో రోజూ అసలు ఏం జరుగుతుంది?

ముందు చెట్లు కొట్టేస్తారు. పైమట్టి తీసి ఒకపక్క కుప్ప పోస్తారు. కింద బండ కనబడ్డాక డ్రిల్లింగ్ చేసి వరుసగా రంధ్రాలు వేస్తారు, వాటిలో పేలుడు మందు నింపుతారు. ఎక్కువగా వాడేది అమ్మోనియం నైట్రేట్, డీజిల్ లాంటి నూనె కలిపిన మిశ్రమం. బరువులో 94 పాళ్లు నైట్రేట్, 6 పాళ్లు నూనె. రంధ్రాలన్నీ ఒకేసారి పేలవు, ఒకదాని తర్వాత ఒకటి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో పేలేలా అమరుస్తారు. విరిగిన బండను ఎక్స్‌కవేటర్‌తో టిప్పర్లలోకి ఎత్తి క్రషర్‌కు చేరుస్తారు. అక్కడ నలిగి, జల్లెడల మీద సైజుల వారీగా విడిపోయి, కంకర, చిప్స్, డస్ట్ అని కుప్పలుగా పడుతుంది. అక్కడి నుంచి లారీలకు ఎక్కుతుంది.

భయమంతా బ్లాస్టింగ్ మీదే ఉంటుంది. అయితే బ్లాస్టింగ్ కొద్ది సెకన్లలో అయిపోతుంది. క్రషర్, జల్లెడలు, రివర్స్ గేర్‌లో టిప్పర్లు కొట్టే అలారం, ఇవి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగవు. పక్కన బతికే మనుషులకైనా జంతువులకైనా బరువుగా పడేది ఈ ఆగని పని.

కంకర అందరికీ కావాలి కదా? ఎక్కడో ఒకచోట తవ్వాల్సిందే కదా?

న్యాయమైన ప్రశ్నే. మనం ఉండే ఇల్లు, నడిచే రోడ్డు, పిల్లలు చదివే బడి, అన్నిటిలోనూ కంకర ఉంది. ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతున్నామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో లెక్క చెప్పింది. క్వారీలే వద్దని నేను అనను.

కంకర బరువు ఎక్కువ, విలువ తక్కువ. లారీ దూరం పోయేకొద్దీ రవాణా ఖర్చు సరుకు ఖర్చును మించిపోతుంది. అందుకే వాడకం ఉన్న ఊళ్లకు దగ్గరగా, రోడ్డు ఉన్న చోట గుట్ట కోసం చూస్తారు. జనం సులువుగా చేరుకోగలిగే విహార వనం కూడా సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది. కాబట్టి కంపెనీ ఈ గుట్టనే ఎందుకు ఎంచుకుందో అర్థం చేసుకోవచ్చు. కానీ వేరే చోట్లు ఏవేవి చూశారు, వాటిని ఎందుకు వద్దనుకున్నారు, పాత కట్టడాలు కూల్చిన కాంక్రీటును మళ్లీ నలగ్గొట్టి వాడితే ఈ అవసరంలో ఎంత తీరుతుంది అన్నవాటికి జవాబు రాతపూర్వకంగా అడగాలి. అనుమతి కోసం కంపెనీ ఇచ్చే పర్యావరణ ప్రభావ నివేదిక ప్రత్యామ్నాయాల గురించి ఒక్క పేరాతో సరిపెడితే అది అసంపూర్తి నివేదికే.

వన్యప్రాణులు ఉన్న చోటు కదా, చట్టమే కాపాడదా?

ఆ నేలకు కాగితాల్లో ఏ హోదా ఉందో దాన్నిబట్టి ఉంటుంది. జాతీయ పార్కుకు ఉన్న రక్షణ వేరు, విహార ప్రాంతమని బోర్డు పెట్టిన చోటుకు ఉన్న రక్షణ వేరు. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2000లో తన అమ్మాన్ మహాసభలో, తన జాబితాలో ఒకటి నుంచి నాలుగో వర్గం దాకా, అంటే జాతీయ పార్కుల్లాంటి కట్టుదిట్టమైన రక్షణ ఉన్న ప్రాంతాల్లో, గనుల తవ్వకం ఉండకూడదని సిఫారసు చేసింది. చాలా విహార ప్రాంతాలు ఆ వర్గాల్లోకి రావు. పైగా ఇక్కడ తవ్వేది సరిహద్దు లోపల కాదు, బయట. హోదా పత్రం, సరిహద్దు మ్యాపు, చుట్టూ బఫర్ జోన్ (ఇలాంటి పనులను కట్టడి చేసే పట్టీ) ప్రకటించారా లేదా, ఈ మూడూ ముందు చేతిలో పెట్టుకోండి. అడవి ఉంది కాబట్టి అనుమతి రాదులే అని ధీమాగా కూర్చున్నవాళ్లు ఆఖరికి అభ్యంతరాలు చెప్పే గడువు తేదీ దాటిపోయాక వస్తారు.

దుమ్ము ఎంత దూరం వస్తుంది? ఆరోగ్యానికి ప్రమాదమా?

దుమ్మంతా ఒకటి కాదు. రేణువుల్ని మైక్రాన్లలో కొలుస్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు చాలావరకు పుట్టిన చోటి నుంచి వంద మీటర్ల లోపే నేలకు దిగుతాయి. 10 నుంచి 30 మైక్రాన్ల మధ్యవి కొన్ని వందల మీటర్లు పోతాయి. 10 మైక్రాన్ల కన్నా చిన్నవి కిలోమీటరు, అంతకన్నా ఎక్కువ కూడా గాలిలో తేలుతూ పోగలవు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ చివరి రకం కంటికి కనబడదని అర్థమవుతుంది. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేది అదే. ఇంటి కిటికీ మీద తెల్లటి పొర కనబడితే చిరాకు పుడుతుంది. ఆరోగ్యం సంగతి కనబడని దుమ్ముది.

రాయిని బట్టి కూడా ప్రమాదం మారుతుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఐదో వంతుకు తక్కువ ఉండదు. క్వార్ట్జ్ అంటే స్ఫటిక సిలికా. పని చోట పీల్చే ఈ సిలికా ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా దీనివల్లే వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. ఈ ముప్పులో ముందు నిలబడేది క్వారీలో పనిచేసే కార్మికుడు. మన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఆయన్ని మరిచిపోకూడదు. చుట్టుపక్కల వాళ్లకు అందే మోతాదు అంతకన్నా చాలా తక్కువే అయినా, ఆస్తమా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు సన్నటి దుమ్ము పెరగడం మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం 10 మైక్రాన్ల లోపు ధూళి ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 45 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదు.

ఇక చెట్ల సంగతి. నడుస్తున్న క్రషర్‌కు దగ్గర్లో ఏ చెట్టు ఆకునైనా ఒకసారి వేలితో తుడిచి చూడండి. వేలు పోయిన దారిలో పచ్చగా ఒక చార తేలుతుంది, మిగతా ఆకంతా బూడిదరంగే. ఆ పొర కింద ఆకుకు వెలుతురు సరిగా అందదు, ఊపిరాడే రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ ఆకు తినే పురుగు తగ్గితే, పురుగును పిల్లల నోటికి అందించే పిట్టకు కూడా తిండి తగ్గుతుంది.

నీళ్లు చల్లుతామని కంపెనీ తప్పకుండా చెబుతుంది. నిజంగానే పనిచేసే పద్ధతి అది. తడి డ్రిల్లింగ్, క్రషర్ దగ్గర నీటి తుంపర్లు, మూసిన కన్వేయర్లు, టార్పాలిన్ కప్పిన టిప్పర్లు, గేటు దగ్గర టైర్లు కడిగే ఏర్పాటు, అన్నీ దుమ్మును బాగా తగ్గిస్తాయి. అయితే ఎండాకాలంలో రోజుకు ఎన్ని లీటర్లు చల్లుతారు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మీరు అడగండి.

బ్లాస్టింగ్‌తో మా ఇంటి గోడలు పగులుతాయా?

నేల ఎంత వేగంగా ఊగిందో సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని కొలుస్తారు. అమెరికా గనుల బ్యూరో 1980లో ఇచ్చిన పరిమితి ప్రకారం, నెమ్మదిగా ఊగే రకం కంపనాలకు పాత పూత గోడలున్న ఇళ్ల దగ్గర 12.7 మిల్లీమీటర్లు దాటకూడదు. మనిషి ఒంటికి మాత్రం ఇందులో చాలా చిన్న వంతు కూడా తెలిసిపోతుంది. అందుకే గిన్నెలు అదిరినా గోడకు ఏమీ కాకపోవచ్చు. కిటికీలు గలగలమనడానికి చాలాసార్లు కారణం నేల కాదు, గాలిలో వచ్చే ఒత్తిడి తరంగం. మబ్బు పట్టిన రోజు అది ఇంకా దూరం పోతుంది.

అంతమాత్రాన మీ భయం వట్టిదని కాదు. ఎండకు, తేమకు కూడా గోడలు పగులుతాయి కాబట్టి, రేపు పగులు వచ్చినప్పుడు అది మాది కాదని అవతలివాళ్లు అనడం చాలా సులువు. మొదటి బ్లాస్టింగ్‌కు ముందే కంపెనీ ఖర్చుతో, కంపెనీతో సంబంధం లేని ఇంజినీరు ప్రతి ఇంటికీ వచ్చి, ఉన్న పగుళ్లన్నీ ఫొటో తీసి, ఒక కాపీ ఇంటివాళ్లకు ఇవ్వాలి. ఆ పని జరగలేదంటే మీరే తీసుకోండి. ఫొటోలో పగులు పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే వెడల్పు తెలుస్తుంది.

రాళ్లు ఎగిరిపడటం వేరే విషయం, ఇంకా తీవ్రమైనది. మందు మోతాదు మించినా, బండలో బలహీనమైన చోటు గమనించకపోయినా రాయి అనుకున్న హద్దు దాటి వస్తుంది. నడక దారి ఆ హద్దులో పడుతుంటే, బ్లాస్టింగ్ సమయంలో దారి ఎవరు మూస్తారు, లోపల ఎవరూ మిగల్లేదని ఎలా తేలుస్తారు అన్నది ప్రణాళికలో ఉండాలి.

బావులు, బోర్లు, వనంలోని కుంట ఎండిపోతాయా?

గుంత భూగర్భ జలమట్టానికి పైనే ఆగుతుందా, కిందికి దిగుతుందా? నీళ్ల విషయంలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇదే. పైనే ఆగితే నీటి మట్టానికి పెద్దగా ముప్పు ఉండదు. కిందికి దిగితే గుంతలోకి ఊట వస్తుంది, పని సాగాలంటే మోటారు పెట్టి తోడాలి. తోడుతూ పోతే చుట్టూ జలమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. ఆ గరాటు అంచు ఎంతదాకా పాకుతుందో అంతదాకా బావులకు, కుంటలకు, వాగులో ఎండాకాలం కూడా పారే సన్నటి ధారకు తేడా వస్తుంది. వనంలో జంతువులు ఎండాకాలం గట్టెక్కేది ఆ సన్నటి ధారతోనే.

గట్టి బండలో నీళ్లు పగుళ్ల వెంటే పోతాయి. అందుకని గుంతకు దగ్గరగా ఉన్న బావికి ఏమీ కాకుండా, దూరంగా ఉన్న బావి ఎండిపోవడం కూడా జరుగుతుంది. సున్నపురాయి అయితే ఇంకా చిక్కు. అది నీటికి కరిగి లోపల సొరంగాలు ఏర్పడతాయి. జర్మనీలో డాన్యూబ్ నది నీళ్లు ఒకచోట సున్నపురాయిలోకి ఇంకిపోతాయి. అవి ఎక్కడ తేలుతున్నాయో తెలుసుకోవడానికి 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపాడు. సుమారు 60 గంటల తర్వాత, 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే వేరే నది ఊటలో ఆ పచ్చరంగు బయటికి వచ్చింది. ఆ ఊట నీళ్లు చేరేది డాన్యూబ్‌కు కాదు, రైన్ నదికి. నేల పైన గీసిన మ్యాపు చూసి నేల కింద నీటి దారి చెప్పలేమని ఆ రంగు చూపించింది. మీ గుట్ట సున్నపురాయిదైతే, ఇలాంటి రంగు పరీక్ష చేశారా అని తప్పకుండా అడగండి.

ఇంకొకటి, పేలని మందు అవశేషం. అందులోని నైట్రేట్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. బావుల్లో మట్టంతో పాటు నైట్రేట్ కూడా ముందు ఒకసారి, తర్వాత క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఒక్కసారి కొలిస్తే చాలదు. వానాకాలం తర్వాత మట్టం ఎంత, నడి ఎండాకాలంలో ఎంత, రెండూ ఉంటేనే అది లెక్క.

వాగులోకి బురద వస్తుందా?

గట్టి వాన పడిన రోజు వచ్చే అవకాశం ఎక్కువ. గుంత నీళ్లు వాగులోకి వదిలే ముందు మడుగుల్లో నిలబెట్టి మట్టి దిగనివ్వాలి. మడుగు ఎంత పెద్ద వానకు సరిపోతుందని లెక్కగట్టారో చూడండి. సన్నటి మట్టి చేపల మొప్పల్లో ఇరుక్కుంటుంది, గులకరాళ్ల సందుల్లో పెట్టిన గుడ్లను కప్పేసి గాలి అందకుండా చేస్తుంది. మామూలు రోజుల్లో వాగు నీరు ఎంత తేటగా ఉందో సీసాలో పట్టి ఫొటో తీసిపెట్టుకున్నా పనికొస్తుంది.

జంతువులు, పక్షులు కొన్నాళ్లకు అలవాటు పడిపోవా?

ఈ మాట ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. కొన్ని పడతాయి, నిజమే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు రణగొణ ధ్వని ఎక్కువగా ఉన్న చోట్ల మరింత కీచుగా పాడుతున్నాయని 2003లో శాస్త్రవేత్తలు గుర్తించారు. వాహనాల మోత బొంగురు గొంతు లాంటిది, దాన్ని దాటి వినబడాలంటే గొంతు ఇంకా కీచుగా మార్చుకోవాలి మరి. కానీ ప్రతి పిట్టా గొంతు మార్చుకోలేదు.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 2012లో చేసిన ప్రయోగం ఈ విషయంలో నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనబడుతుంది. రోడ్డే లేని ఒక కొండ అంచున, వలస పక్షులు ఆగే చోట, అర కిలోమీటరు పొడవునా చెట్లకు స్పీకర్లు కట్టి వాహనాల శబ్దం వినిపించారు. నాలుగు రోజులు శబ్దం, నాలుగు రోజులు నిశ్శబ్దం. అక్కడ పొగ లేదు, దుమ్ము లేదు, ఒక్క బండి లేదు, ఉన్నదల్లా శబ్దమే. శబ్దం ఉన్న రోజుల్లో పక్షులు నాలుగో వంతుకు పైగా తగ్గాయి. కొన్ని జాతులైతే దాదాపు రావడమే మానేశాయి. వెళ్లకుండా ఉండిపోయిన పక్షుల్ని పట్టి తూచి చూస్తే, వలస ప్రయాణానికి కావలసిన కొవ్వు వాటిలో సరిగా పేరుకోలేదు. శత్రువు అడుగుల చప్పుడు వినబడని చోట పక్షి మాటిమాటికీ తలెత్తి చూసుకుంటుంది, ఆ మేరకు మేత తగ్గుతుంది. ఉండిపోయిన పక్షిని చూసి అలవాటు పడిందని మనం అనుకుంటాం, అది మాత్రం అర్ధాకలితో ఉంటుంది.

చెవిని నమ్ముకుని వేటాడే గుడ్లగూబలకు, గబ్బిలాలకు శబ్దం ఇంకా పెద్ద దెబ్బ. రాత్రి లైట్లు పెడితే పురుగులన్నీ వాటి చుట్టూ చేరతాయి, అడవి లోపల తిండి తగ్గుతుంది. ఆ గుట్ట రెండు అడవి ముక్కల మధ్య దారి అయితే, తవ్వకం ఆ దారిని తెంచేస్తుంది. వనం సరిహద్దు లోపల ఒక్క చెట్టు కొట్టకపోయినా ఇవన్నీ జరుగుతాయి. వనం లోపల ఏమీ ముట్టుకోవడం లేదన్న మాటకు అందుకే నేను పెద్ద విలువ ఇవ్వను.

పాత క్వారీల్లో డేగలు గూళ్లు పెడతాయట, నిజమేనా?

నిజమే. పెరిగ్రిన్ డేగలు, యురేషియన్ ఈగిల్ అవుల్ అనే పెద్ద గుడ్లగూబలు క్వారీ గోడల మీద గూళ్లు పెడతాయి. సాండ్ మార్టిన్ పిట్టలు ఇసుక క్వారీల గోడల్లో బొరియలు చేసుకుంటాయి. అయితే ఇవన్నీ నిట్టనిలువు గోడలు వెతుక్కునే పక్షులు. చెట్టు తొర్రలో, పొదలో, నేల మీద గూడు పెట్టే పక్షికి ఆ గోడతో ఏ పనీ లేదు.

క్రషర్ శబ్దం వనం లోపలికి ఎంతదాకా వినబడుతుంది?

అడ్డం ఏమీ లేకపోతే, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పది మీటర్ల దగ్గర 90 డెసిబెల్స్ ఉన్న యంత్రం 640 మీటర్ల దగ్గర 54 అవుతుంది. పట్నం వీధిలో అది లెక్కలోకి రాదు. కానీ తెల్లవారుజామున ప్రశాంతమైన అడవిలో మామూలుగా ఉండే శబ్దమే 30 దరిదాపుల్లో ఉంటుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు మోతగా అనిపిస్తుంది కాబట్టి, 54 అంటే అక్కడ చాలా పెద్ద మోత. మట్టికట్ట వేసినా, క్రషర్‌ను గుంత లోపలే పెట్టినా బాగా తగ్గుతుంది. కీచుమనే రివర్స్ అలారం బదులు బుసకొట్టినట్టు వినబడే రకం అలారాలు ఉన్నాయి, అవి దూరం పోవు. చిన్న షరతే, అడిగి రాయించుకోండి.

లారీలు ఎన్ని తిరుగుతాయి?

నివేదికలో ఏడాదికి ఇన్ని టన్నులు అని ఉంటుంది, లారీల సంఖ్య వెతికినా దొరక్కపోవచ్చు. మీరే లెక్క కట్టండి. ఏడాదికి 3 లక్షల టన్నులు, 250 పని దినాలు అనుకుంటే రోజుకు 1,200 టన్నులు. లారీకి 20 టన్నుల చొప్పున 60 లోడ్లు. ప్రతి లారీ ఖాళీగా వచ్చి నిండుగా పోతుంది కాబట్టి 120 సార్లు. పది గంటల పనిలో ప్రతి ఐదు నిమిషాలకు ఒక లారీ మీ గేటు ముందు నుంచి పోతుందన్నమాట. ఈ అంకె సభలో చెబితే కాగితాలు తిరగేస్తున్నవాళ్లు కూడా తలెత్తి వింటారు.

సర్వేలో అరుదైన జాతులేవీ కనబడలేదని రాశారు. నమ్మవచ్చా?

ఎప్పుడు చూశారు, ఎన్ని రోజులు చూశారు, ఏ వేళల్లో చూశారు అన్నది ముందు చదవండి. నేను చదివిన ఒక నివేదికలో వన్యప్రాణుల జాబితా మొత్తం మూడు రోజుల్లో, నడి ఎండాకాలంలో, పగటి పూట తయారైంది. జాబితాలో ఒక్క గుడ్లగూబ లేదు, ఒక్క గబ్బిలం లేదు. రాత్రి ఎవరూ వెళ్లలేదని విధానం రాసిన పేజీలోనే ఉంది. కప్పలు కూడా లేవు. ఆ గుట్ట పాదం దగ్గర మొదటి వానలకు నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలిచే చోటు ఒకటి ఉంది. కొన్ని వారాలే ఉంటుంది. ఆ కొన్ని వారాల్లో అక్కడ వంగి చూస్తే నీళ్లలో నల్లటి చుక్కల్లా తోకకప్పలు కదులుతూ కనబడతాయి. ఎండాకాలం వచ్చినవాళ్లకు అది బీటలు వారిన మట్టి, అంతే. వాళ్లు అబద్ధం రాశారని నేను అనడం లేదు. చూడని కాలంలో ఉన్నది రాయలేదు. కనీసం ఏడాది పొడవునా, అన్ని కాలాల్లో, రాత్రిపూట కూడా సర్వే చేయాలని అడగడం మన హక్కు.

ఇన్ని వందల పేజీల నివేదిక ఎక్కడి నుంచి చదవాలి?

మొదటి పేజీ నుంచి వద్దు. ముందు మ్యాపులు చూడండి. వాగు, బావులు, నడక దారి, మీ ఇల్లు మ్యాపులో ఉన్నాయా? లేనిది వాళ్ల లెక్కలో కూడా లేదన్నమాటే. తర్వాత సర్వే తేదీలు, తర్వాత తవ్వకం లోతు, జలమట్టం లోతు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత తవ్వకం అయ్యాక ఏం చేస్తారన్న అధ్యాయం. చుట్టుపక్కల ఇప్పటికే క్వారీలు ఉంటే వాటి దుమ్ము, శబ్దం, లారీలు కూడా కలిపి లెక్క వేశారో లేదో చూడండి. ఒక్కొక్కటి విడిగా పరిమితి లోపలే ఉండి, అన్నీ కలిస్తే దాటిపోవచ్చు. నలుగురు నాలుగు అధ్యాయాలు పంచుకుంటే వారంలో అయిపోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడితే ప్రయోజనం ఉంటుందా?

పర్యావరణ విషయాల్లో సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాలుపంచుకోవడం జనానికి ఉండాల్సిన అవకాశాలని 1992లో రియో ప్రకటన పదో సూత్రంగా దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ అవకాశాన్ని సభలో మనం ఎలా వాడుకుంటామన్నదే తేడా తెస్తుంది. అడవిని నాశనం చేయొద్దని వందమంది అరిస్తే నమోదయ్యేది ఒక్క అభ్యంతరమే. అదే ఒకరు జలమట్టం గురించి, ఒకరు సర్వే తేదీల గురించి, ఒకరు లారీల లెక్క గురించి, ఏ పేజీలో ఏం లోపం ఉందో చెబితే ప్రతి దానికీ జవాబు రాయాల్సి వస్తుంది. చెప్పింది రాసి కూడా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. మాట్లాడాలంటే టెన్షన్ అనిపించేవాళ్లు కాగితం ఇచ్చినా సరిపోతుంది. క్వారీలో ఉద్యోగం కోసం వచ్చినవాళ్లను శత్రువుల్లా చూడకండి. వాళ్ల అవసరం నిజమైనది. ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, ఎన్నేళ్లు అన్నది రాతలో అడిగితే వాళ్లకూ మేలే.

అనుమతి ఇచ్చేస్తే ఇక చేయగలిగింది ఏమీ లేదా?

చాలా ఉంది. అనుమతితో పాటు షరతులు వస్తాయి. షరతు కొలవగలిగేదిగా ఉండాలి. దుమ్ము తగిన విధంగా నియంత్రించాలి అన్నది షరతు కాదు. వనం సరిహద్దు దగ్గర మీటరు పెట్టి, ఇంత దాటితే పని ఆపాలి అన్నది షరతు. గూళ్లు పెట్టే కాలంలో బ్లాస్టింగ్ ఆపడం, సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి చుట్టూ ఉన్న గంటల్లో క్రషర్ నడపకపోవడం, రాత్రి పని లేకపోవడం, సెలవు రోజుల్లో లారీలు తిప్పకపోవడం, బావి ఎండితే కారణం తేలేదాకా ఆగకుండా నీళ్లు ఇవ్వడం, కొలతలన్నీ నెలనెలా జనానికి తెలిసేలా పెట్టడం, ఇవి అడగదగినవి. ఉల్లంఘన జరిగితే ఎవరికి, ఏ రూపంలో ఫిర్యాదు ఇవ్వాలో కూడా అందులోనే రాయించాలి.

తవ్వడం అయ్యాక దాన్ని చెరువుగా, పార్కుగా మారుస్తామంటున్నారు. జరుగుతుందా?

జరిగిన చోట్లు ఉన్నాయి. కెనడాలో బుచార్ట్ గార్డెన్స్‌లోని పల్లపు తోట ఒకప్పటి సున్నపురాయి క్వారీ, 1921లో తోటగా పూర్తయింది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పాత చైనా క్లే (పింగాణీకి వాడే తెల్ల మట్టి) గుంతలో కట్టిన ఎడెన్ ప్రాజెక్టు 2001లో తెరిచారు. చూడముచ్చటగా ఉంటాయి. కానీ రెండూ మనుషులు పెంచిన తోటలు, పోయిన అడవి తిరిగి రావడం కాదు. రెండిటి వెనకా పట్టుదల, డబ్బు చాలా ఉన్నాయి.

మాట నిలబడాలంటే డబ్బు ముందే పక్కన పెట్టించాలి. పునరుద్ధరణకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, ఆ మొత్తానికి బ్యాంకు గ్యారంటీ తవ్వకం మొదలవక ముందే ఇవ్వాలి. కంపెనీ చేతులు మారినా, దివాలా తీసినా ఆ డబ్బు ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఒకేసారి కాకుండా, తవ్విన ముక్కను తవ్వినట్టే సరిచేస్తూ పోవాలి. మొదట్లో తీసిన పైమట్టిని జాగ్రత్తగా దాచారా అన్నది కూడా చూడాలి. విత్తనాలు, సూక్ష్మజీవులు అన్నీ ఆ పైమట్టిలోనే ఉంటాయి. ఎత్తైన కుప్పగా ఏళ్ల తరబడి వదిలేస్తే లోపలి మట్టి చచ్చిపోతుంది.

వదిలేసిన గుంత ప్రమాదమా?

చాలా. నిట్టనిలువు గోడలు, లోతు తెలియని చల్లటి నీళ్లు, ఎక్కి రావడానికి మెట్టు ఉండదు. పిల్లలు ఈతకు దిగే చోట్లు ఇవే. కంచె ఎవరి బాధ్యత, ఎన్నేళ్లు అన్నది ఈరోజే అడగాలి.

నేను ఒక్కడిని ఏం చేయగలను?

ఈసారి వనానికి వెళ్లినప్పుడు గుట్టకు దగ్గరగా ఉన్న ఒక చోటు ఎంచుకోండి. గుర్తుపట్టే రాయి ఉంటే మంచిది. పావుగంట కదలకుండా కూర్చోండి. వినబడిన పక్షులు, కనబడినవి, పేరు తెలియకపోతే ఎలా ఉందో రాయండి. ఫోన్‌లో ఒక నిమిషం శబ్దం రికార్డు చేయండి. అదే రాయి మీద నిలబడి గుట్టను ఒక ఫొటో, వాగును ఒక ఫొటో తీయండి. నెలకోసారి అదే చోట, అదే వేళకు మళ్లీ చేయండి. పదిమంది పది చోట్ల ఏడాది పాటు ఇలా చేస్తే మూడు రోజుల సర్వే ముందు పెట్టడానికి మీ దగ్గర నూట ఇరవై సార్లు చూసి రాసిన లెక్క ఉంటుంది. పిల్లలు వెంట వస్తే చూసే పని వాళ్లకు అప్పగించండి, ఆకుల మధ్య కదలిక మనకన్నా ముందు వాళ్లకే దొరుకుతుంది. ప్రతి కాగితం పైన తేదీ, టైము మాత్రం తప్పకుండా వేయండి.